చెదల డబ్బాతో బాపట్ల ప్రయాణం

మా బాబాయి పెంచిన కౌజు పిట్ట బాపట్లలో తిండి మానేసిందని కబురు రావడంతో ఈ ప్రయాణం మొదలైంది.

అది దీమం పిట్ట. వల పక్కన పంజరంలో పెడితే కూస్తుంది, ఆ కూత విని అడవి కౌజులు వచ్చి వలలో పడతాయి. తొంభైల మొదట్లో మాట ఇది. వేట మీద చట్టం బిగిసిందని బాబాయికీ తెలుసు. అయినా సరదా చావక బాపట్ల జీడిమామిడి తోటల్లో వల పన్నాడు. ఆ కూతకు కౌజులకంటే ముందు ఫారెస్టు గార్డు వచ్చాడు. జరిమానా కట్టించుకుని వలనూ పంజరాన్నీ పట్టుకుపోయాడు.

వల పోయినందుకు బాబాయి బాధపడలేదు. పిట్ట కోసమే కుమిలిపోయాడు. పిల్లగా ఉన్నప్పుడు మా పిన్ని దాన్ని కొంగులో దాచుకుని పెంచింది. పిన్ని పోయాక ఆ ఇంట్లో ఆయన పిలిస్తే పలికే ప్రాణి అదొక్కటే. పేరు బుల్లోడు.

"నువ్వు టీచరువి గదమ్మాయ్, ఆఫీసరుతో నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడి ఇప్పించు" అన్నాడు. నా ఇంగ్లీషు ఏడో తరగతి దాటదని ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు.

పొద్దున్నే తెనాలి స్టేషనుకు చేరాం. నేను ఇడ్లీ తిన్నాను, బాబాయి టీ కూడా ముట్టలేదు. ఆయన ఒళ్ళో మూతకు చిల్లులు పొడిచిన స్టీలు డబ్బా ఉంది. దాన్నిండా పెరట్లో పుచ్చిన తాటిదూలం నుంచి దులిపిన చెదలు. కౌజుకు చెదలంటే ప్రాణం.

ఏడున్నర పాసింజరు ఎక్కాం. రేపల్లె బండి దిగి వచ్చిన ఒకావిడ ఎండు రొయ్యల బుట్టతో ఎదురుగా కూర్చుంది. చీరాలలో అమ్మడానికి వెళుతోందట.

"ఏంటి బాబాయ్ డబ్బాలో, పులిహోరా?" అంది.

"చెదలమ్మా. మా పిట్టకి."

ఆవిడ కాళ్ళు సీటు మీదికి లాక్కుంది. నిడుబ్రోలు వచ్చేసరికి కథంతా చెప్పించుకుని మళ్ళీ కిందికి దించింది. "బెంగెట్టుకునుంటది పాపం" అంది.

బాపట్లలో దిగి రిక్షాలో ఫారెస్టు ఆఫీసుకు వెళ్ళాం. వరండాలో పంజరం. బుల్లోడు ఒక మూల ముడుచుకుని ఉన్నాడు. గార్డు పాతికేళ్ళ కుర్రాడు.

"నూకలేశానండి, మిడతలు పట్టిచ్చానండి, ముట్టుకోలేదండి" అన్నాడు, తప్పు తనదే అన్నట్టు.

బాబాయి అరచేతిలో చెదలు పోసి లోపల పెట్టాడు. బుల్లోడు ఆ చేతిని చూశాడు, లేచాడు, టకటకా పొడుచుకు తిన్నాడు. యూనిఫారంలో ఉన్న గార్డు పక్కన గొంతుక్కూర్చుని "నిదానంగా, నిదానంగా" అంటుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుంటున్నాను. అవసరం పడలేదు.

"సారు క్యాంపులో ఉన్నారు మేడమ్. పిట్టని వదిలెయ్యమని ఆర్డరేసెళ్ళారు. ఒట్టి కడుపుతో వదిల్తే నక్క నోట్లో పడుద్ది. అందుకే కబురంపా."

బాబాయి ముఖం వాడిపోయింది. "ఇంట్లో పెరిగిన పిట్టండి, ఎట్టా బతుకుద్ది?" అన్నాను.

"నాకూ అదే దిగులండి. కానీ ఈయన వలలో పడ్డవాటికీ ఇళ్ళున్నాయి కదండీ."

హోటల్లో భోజనం చేసి, ఎండ చల్లబడ్డాక ముగ్గురం జీడిమామిడి తోటలకు నడిచాం. గార్డు పంజరం తలుపు తీశాడు. బుల్లోడు బయటికొచ్చి తిన్నగా బాబాయి కాళ్ళ దగ్గర నిలబడ్డాడు.

గార్డు కాసేపు తల గోక్కున్నాడు. "బోరింగు దగ్గర నీళ్ళు తాగొస్తా పెద్దాయనా. నేనొచ్చేసరికి పిట్ట కనపడకపోతే ఎగిరిపోయిందనుకుంటా." వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

"బాబాయ్, ఎత్తుకో!" అన్నాను. చట్టమూ గుర్తు రాలేదు, నా టీచరుద్యోగమూ గుర్తు రాలేదు.

అప్పుడే పొదల్లోంచి ఒక కౌజు కూసింది. బుల్లోడు మెడ ఎత్తి బదులిచ్చాడు. మళ్ళీ అటునుంచి కూత. నాలుగడుగులు పరుగెత్తి ఆగాడు. బాబాయి నాలుకతో ఒక్క చప్పుడు చేస్తే తిరిగొచ్చేస్తాడు. బాబాయి నోరు తెరిచాడు కూడా. మళ్ళీ మూసుకున్నాడు.

"ఇన్నాళ్ళూ వీడు పిలిస్తే వాళ్ళొచ్చారమ్మాయ్. వచ్చినోళ్ళని నేను కూరొండుకున్నా. ఇయ్యాల వీణ్ణి వాళ్ళు పిలుస్తున్నారు. ఏ మొహం పెట్టుకుని ఆపను?"

బుల్లోడు పొదల్లోకి దూరిపోయాడు. మిగిలిన చెదలు బాబాయి అక్కడే కుమ్మరించాడు. గార్డు తిరిగొచ్చాక, పిట్టను దాచలేదన్నట్టు బాబాయి కండువా దులిపి చూపించాడు.

"నేనడగలేదు గదా పెద్దాయనా" అన్నాడు గార్డు. రిక్షా దాకా వచ్చి ఎక్కించాడు.

సాయంత్రం బండి వచ్చేసరికి కిటికీలోంచి ఎవరో కేకేశారు. పొద్దుటి రొయ్యలావిడ! చోటు సర్ది మమ్మల్ని కూర్చోబెట్టింది.

"తిన్నదా బాబాయ్ పిట్ట?"

"తిన్నాడమ్మా. కడుపు నిండా తిన్నాడు."

"మరేదీ?"

"వాళ్ళోళ్ళు పిలిచారు. వెళ్ళాడు."

బాపట్ల వెళ్ళేవాళ్ళు సాయంత్రం పూట ఆ తోటల వైపు నడవండి. ఏదైనా కౌజు కూస్తే ఒక్క నిమిషం ఆగండి, మావాడు కావచ్చు.

తెనాలి దగ్గర పడుతుండగా ఆవిడ బాబాయి ఒళ్ళోంచి డబ్బా తీసుకుని మూత తెరిచింది.

"చెదల మట్టి ఉందమ్మా అందులో" అన్నాడు బాబాయి కంగారుగా.

"దులిపితే పోద్దిలే. ఖాళీ డబ్బాతో ఇంటికెళ్ళకూడదు బాబాయ్" అంటూ బుట్టలో మిగిలిన గుప్పెడు ఎండు రొయ్యలు అందులో పోసింది.

పొదల దగ్గర కన్ను తడవని మా బాబాయి, ఆ డబ్బాను రెండు చేతులా పట్టుకుని అప్పుడు ఏడ్చాడు.