పురుటి తెర

సందూకులోంచి దోమతెర తీసి దులిపితే డాంబరు గోలీల వాసన గుప్పుమంది. ఎవరికైనా ఆ వాసనకు తుమ్మొస్తుంది. నాకు మాత్రం విసుగొస్తుంది. నిజానికి ఆ విసుగు నాది కాదు, రాహేలమ్మది. నైజాము కాలంలో ఎల్లారెడ్డి సర్కారు దవాఖానలో నర్సుగా ఉండేది. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. పొట్టి మనిషి, గంజి పెట్టిన తెల్లచీర, అప్పుడే ఎవరితోనో పోట్లాడి వచ్చినట్టుండే ముఖం. చాలాసార్లు నిజంగానే పోట్లాడి వచ్చేది.

నేను కామారెడ్డి పిల్లను. కోడలినై ఎల్లారెడ్డికి వచ్చిన ఏడాదికే కడుపు పండింది. వానలు పడి మళ్లల్లో, కాలువల్లో నీళ్లు నిలిచాయంటే మా వాడలో ఇంటింటా చలిజ్వరమే. పండ్లు టకటకా కొట్టుకునే చలి, దాని వెనకే ఒళ్లు పెనంలా కాలడం, ఆ తర్వాత చెమట. లేచి కూర్చున్నామని సంబరపడేలోపు మళ్లీ చలి. ‘అందరికొచ్చేదే, పోతది’ అనేది మా అత్త. జ్వరంతోనే బండెక్కించి పుట్టింటికి పంపారు. నెలలు నిండకుండానే కొడుకు పుట్టాడు, పిడికెడంత. గట్టిగా ఏడవడానికి కూడా వాడికి సత్తువ లేదు. ఆ పొద్దు దాటకముందే పోయాడు. దిష్టి తగిలిందన్నారు, నా అడుగు మంచిది కాదన్నారు. ఇల్లంతా గుయ్యిమంటున్న దోమ పేరు మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రెండోసారి నెల తప్పానని తెలిసి రాహేలమ్మ తానే మా ఇంటికి వచ్చింది. నా కంటి కింది రెప్ప లాగి చూసి అత్త వైపు తిరిగింది. “రక్తం లేదవ్వా పిల్లకు. కడుపుతోని ఉన్నోళ్లను ఈ జ్వరం పట్టిందంటే ఊకె ఇడువది. తల్లిని పీల్చేస్తది, లోపటి పిల్లను ఎదగనియ్యది. పుట్టినంక పసిగుడ్డుకు ఇంకా గండం. చలి పెట్టిన నాడే దవాఖానకు తోలియ్యాలె. డాక్టరుసాబు కునైన్ గోలీలిస్తడు, మింగాలె.”

“కునైన్ వేడి గదమ్మా. కడుపు పోతది” అంది అత్త.

“గోలీతోని పోతదని భయపడుతున్నవు. కిందటిపారి ఏ గోలీ మింగిందని పోయింది?”

ఆ నెలలోనే నాకు చలి పెడితే దవాఖానకు అత్తే వెంట వచ్చింది. కునైన్ చేదు ఎలాంటిదో చెప్పలేను. ఆ చేదు దిగేదాకా రాహేలమ్మ నా ముందు నుంచి కదలలేదు. అదే రోజు తన మంచానికి కట్టుకున్న దోమతెర విప్పి తెచ్చి నా మంచానికి కట్టింది. దాని అంచు పరుపు కింద ఎలా దోపాలో చూపించి, చీకటి పడకముందే లోపలికి పోవాలని గట్టిగా చెప్పి వెళ్లింది.

ఆ తెరలో ఎవరు పడుకున్నారనుకున్నారు? మా మామ. ఇంటి పెద్ద బయట దోమల్లో పడుకుంటే కోడలు తెర కట్టుకుని దర్జాగా పడుకుంటుందా? మంచి వస్తువు ముందు పెద్దకు చెందాలి, అది మర్యాద. ఎవరూ నన్ను తిట్టలేదు, కొట్టలేదు, మర్యాదగానే తెర విప్పుకుపోయారు. రాహేలమ్మ వచ్చి చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “ఏంది బాపూ, నీకు గిట్ల నెల తప్పిందా?” అంది. మామ కండువాతో ముఖం తుడుచుకుంటూ బయటికి నడిచాడు. సిగ్గుపడి తిరిగిచ్చాడనుకునేరు. మరునాడు జుక్కల్ నుంచి మా ఆడబిడ్డ భర్త వచ్చాడు. అల్లుడి కంటే గొప్పవాడు ఎవడు? తెర ఆయనకు కట్టారు. ముచ్చటగా ఉందన్నాడని, పోయేనాడు మడతపెట్టి మరీ ఇచ్చి పంపారు.

ఈ సంగతి విన్న రాహేలమ్మ అరవలేదు. కాసేపు అరుగు మీద కూర్చుని చెంబెడు నీళ్లు తాగి వెళ్లిపోయింది. కొన్నాళ్లకు చంకలో ఇంకో తెరతో వచ్చింది. అత్త చెయ్యి చాచింది.

“ముట్టకు అవ్వా. పురుటి తెర. కామారెడ్డిల ఒకామె దీంట్లనే కన్నది. తల్లీపిల్లా సల్లగున్నరు. కడుపుతోని ఉన్నోళ్లకు కలిసొస్తది. మొగోళ్లు పండుకుంటే మాత్రం నాకు తెల్వదు.”

అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. వసారాలో కూర్చున్న మామ ఇంకాస్త దూరం జరిగాడు. ఆనాటి నుంచి ఆ తెర జోలికి ఇంట్లో ఒక్క మగవాడూ రాలేదు. పైగా చీకటి పడకముందే లోపలికి పొమ్మని అత్తే నన్ను తరిమేది.

ఆమెను సాగనంపుతూ వాకిట్లో మెల్లగా అడిగాను, ఎవరిది ఆ పురుడని.

“ఎవరిదీ కాదు. కొత్త గుడ్డ. నేనే కుట్టిన” అంది. నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. “నవ్వకు బిడ్డా. దోమ గురించి ఇల్లిల్లూ తిరిగి నోరు నొయ్యంగ చెప్పిన. నిజం చెప్తే ఒక్కరూ ఇనలే. అబద్ధమాడితే ఇల్లంత ఇన్నది. రేపు ఆదివారం దేవుని ముంగట మోకాళ్ల మీద కూసోవాలె నేను. నాకు సంతోషమనుకుంటున్నవా?”

నా కూతురు నిండు నెలలతో, నిండు గొంతుతో పుట్టింది. పాకి, నడిచి, తెరను పట్టి చింపేదాకా దాంట్లోనే పెరిగింది. వాడలో పిల్లలు చలిజ్వరాలకు కడుపులో బల్ల పెరిగి, పొట్టలు ఉబ్బి, కాళ్లూ చేతులూ పుల్లలై తిరుగుతుంటే మా పిల్ల బొద్దుగా ఉండేది. పురుటి తెర మహిమ అని అత్త ఊరంతా చెప్పుకుంది. కునైన్ పేరు ఎత్తనే లేదు మహాతల్లి.

ఆ కూతురి కోడలు ఇప్పుడు కడుపుతో ఉంది. అందుకే అప్పటి చిరుగులు కుట్టి దాచిన ఈ తెర దులపడం. పిల్ల మంచానికి కట్టి, అంచులు దోపి, వంటింట్లోకి పోయి వచ్చేసరికి తెరలో పిల్ల మొగుడు, నా మనవడు, కాళ్లు బార్లా చాపుకుని ఉన్నాడు. పెద్ద చదువు చదివినవాడు. కడుపుతో ఉన్న పిల్ల బయట కుర్చీలో కూర్చుని కాళ్ల మీద దోమలు కొట్టుకుంటోంది. వాడికి ముందు నిజమే చెప్పాను. చలిజ్వరం సంగతి, పోయిన నా కొడుకు సంగతి, అన్నీ. “పడుకుంటుందిలే అమ్మమ్మా, కాసేపాగి” అని అటు తిరిగాడు.

“అది పురుటి తెర రా” అన్నాను.

దిగ్గున లేచి బయటికొచ్చాడు. పిల్లను లోపలికి పంపి అంచులు మళ్లీ దోపాను. నాకూ నవ్వు రాలేదు.