పారబోసిన గోదారి నీళ్లు

ఏండ్ల సంది ఒక్క మాట గొంతుల అడ్డం పడి ఉన్నది. మింగుదామంటె దిగదు, కక్కుదామంటె రాదు. నువ్వెవరో నాకు తెల్వదు, అందుకే నీకు చెప్తున్న. తెలిసినోళ్ల ముంగట ఇయ్యాల్టికి నాకు నోరు పెకలదు.

గోదారి నీళ్లు పట్టుకపోవుడు నా నౌకరి. మంచిర్యాల దిక్కు జనం తానాలు చేసే రేవుల మోకాలు లోతుకు దిగి, సీసాలల్ల నీళ్లు పట్టి, మంచుగడ్డల డబ్బల పెట్టుకొని కరీంనగర్‌ల ల్యాబుకు ఇయ్యాలె. రిపోర్టు మంచిగొస్తె రేవు కాడి బోర్డు మీద 'తానం చేయొచ్చు' అని నేనే రాస్త. లేకుంటె 'దిగొద్దు' అని రాస్త.

ఆ యేడు శివరాత్రికి వారం ముంగట, నేనెక్కిన బస్సు తొవ్వల చెడిపోయింది. మూడు గంటలు ఎండల నిలబడ్డం. మంచు కరిగింది, సీసాలు వెచ్చబడ్డయి. వెచ్చబడ్డ నీళ్లల్ల క్రిములు పెరిగి రిపోర్టు తప్పొస్తదని ల్యాబోళ్లు తీసుకోరు, తెల్లారి మళ్ల పోయి పట్టుకరమ్మంటరు. తెల్లారి మా చెల్లె బిడ్డ లగ్గం. పట్టుచీర ఇస్త్రీ చేయించి పెట్టుకున్న. ఇంకెవరు పోతరు గోదారికి? కరీంనగర్ బస్టాండుల దిగి సీసాలన్ని మురికి మోరిల పారబోసిన. నల్లా నీళ్లు నింపిన. కొత్త మంచు కొని, పోయి ల్యాబుల ఇచ్చిన.

రిపోర్టు మంచిగొచ్చింది. రాదా మరి, క్లోరిను మందు కలిపిన నల్లా నీళ్లాయె!

నేను బోర్డు రాస్తుంటె రాజవ్వ వచ్చింది. రేవుల పూలమ్ముతది, ముసలోళ్లు మునిగేటప్పుడు నీళ్లల్ల నిలబడి చెయ్యి పట్టుకుంటది. షుగరు మనిషి. పాదానికి పుండున్నది.

"బిడ్డా, జర చూసి చెప్పు. గీ కాలుతోని దిగచ్చా?"

"దిగు అవ్వా. నేనే పరీక్షకు ఇచ్చిన, నీళ్లు మంచిగున్నయి."

శివరాత్రి నాడు పొద్దంత నీళ్లల్లనే ఉన్నది. పది దినాలకు కాలు వాచి నల్లగైంది. దవాఖానల మోకాలి కిందికి తీసేసిన్రు.

నా నీళ్లతోనే పోయిందా? షుగరుతోని ఎట్లయినా పోవునా? గీ సవాలు ఎన్నిసార్లు అడుక్కున్ననో లెక్క లేదు, ఎందుకంటె ఆనాడు గోదారి ఎట్లున్నదో చెప్పేటియి గా సీసాలల్ల నీళ్లే, వాటిని నా చేతులతోని నేనే మోరిల కలిపిన. ఒకపాలి అనుకుంట, నీళ్లు నిజంగనే మంచిగుండె కావచ్చు అని. అనుకున్నంక నా మీద నాకే అసయ్యమైతది. మంచియైతె ఎందుకు దాసిపెట్టినవే?

పండ్లు పట్టుకొని చూడవోయిన. నిజం చెప్దామనే పోయిన, ఒట్టు. రాజవ్వ నా చెయ్యి పట్టుకున్నది.

"నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా. మావోళ్లు నీళ్లదే తప్పంటున్నరు. నేనే తిట్టిన. నా బిడ్డ చూసి చెప్పింది, నీళ్లదేం లేదు, నా షుగరుదే అన్న."

నేను పండ్లు పక్కన పెట్టి బయటికొచ్చిన.

ఇప్పుడు చంకల కర్ర పెట్టుకొని గదే రేవుల పూలమ్ముతది. నీళ్లు మంచియేనా అని ఎవరన్న అడిగితె నన్ను చూపిస్తది. నేను తల వంచుకొని బోర్డు రాస్త. ఆమెకు చెప్పాలె. చెప్తనా? నాకే నమ్మకం లేదు. నీకైతె చెప్పిన. ఇన్నేండ్లకు జర ఊపిరి తిరిగింది. ఆమెకు చెప్పకుండ గీ ఊపిరి తీసుకునుడు సుత తప్పే అనిపిస్తున్నది.