బాబావలి మోసిన కబుర్లు

ధర్మవరం జంక్షన్లో రైలు మారడమంటే ఒక పూట ఎక్కడో ఒకచోట కూర్చోవడమే. తిరుగుళ్ళ మనిషిని కాబట్టి నాకా అవసరం తరచుగా పడేది. స్టేషన్ దాటాక, నేసేవాళ్ళ వీధి మొదట్లో, పసుపు పచ్చ బోర్డు కింద బాబావలి ఎస్‌టీడీ బూత్ ఉండేది. నేను ఫోను చేయవలసిన వాళ్ళు పెద్దగా ఎవరూ లేరు. అయినా అతని బెంచీ మీదే కూర్చునేవాణ్ణి.

బాబావలి తండ్రి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. పిల్లవాడికి పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడితే, చెల్లెలు మున్నీబీ భుజం ఆసరా ఇచ్చి బడికి నడిపించేది. "మా అన్నకు కర్ర ఎందుకు, నేను లేనా?" అని ఎదురైనవాళ్ళందరితో అనేదట. ఆమెను హిందూపురం ఇచ్చిన ఏడు అతను కర్ర కొనుక్కున్నాడు. తొంభైల్లో వికలాంగుల కోటాలో బూత్ వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. అమ్మానాన్నలు పోయాక మున్నీబీకి పుట్టిల్లంటే ఆ బూతే.

ఆ రోజుల్లో వీధి మొత్తానికీ అదే ఫోను. బెంగళూరు వ్యాపారి చేసినా, అత్తగారింట్లో ఉన్న కూతురు చేసినా బాబావలి నంబరుకే. మంచి కబురైతే గుమ్మంలోంచే కేకేసేవాడు. చావు కబురైతే మాత్రం కర్ర పట్టుకుని తనే వెళ్ళేవాడు.

అంతకు ముందు తంతి కాలంలో, పోస్టుమన్ టెలిగ్రాం కాగితం చేతిలో పెట్టగానే విప్పకుండానే ఇంటిల్లిపాదీ ఏడుపు అందుకునేవారు. లోపల పెళ్ళి శుభాకాంక్షలున్నా సరే. నేను చదివిన పుస్తకాల్లో రాజుల కాలపు వేగులవాళ్ళు కూడా చెడ్డ కబురు తెచ్చి గుమ్మంలో తటపటాయిస్తారు. బాబావలి దానికొక పద్ధతి పెట్టుకున్నాడు. చనిపోయాడన్న మాట ఏనాడూ అనలేదు. "మీ నాయనకు రోంత బాగలేదంట. మిమ్మల్నే అడుగుతాండాడంట. పోయి చూసి రాపోండి" అనేవాడు. ఫోను చేసినవాళ్ళు కూడా అట్లాగే చెప్పమనేవారు. విన్నవాళ్ళకు అర్థమయ్యేది. అయినా ఎవరూ తిరిగి ప్రశ్న వేసేవారు కాదు.

ఎందుకిట్లా అని ఒకసారి అడిగాను.

"బస్సులో ఏడిస్తే ఎవురు పట్టుకుంటారు సామీ? ఇల్లు చేరినాక ఏడిస్తే అయినోళ్ళు పట్టుకుంటారు" అన్నాడు.

పక్కనే కూర్చునే నేతగాడు తిమ్మరాజుకు అతన్ని ఆటపట్టించకపోతే పొద్దుపోదు. "ఏమబ్బా, నీ కర్ర చప్పుడు ఇనపడితే మా వీధిలో మగ్గాలన్నీ ఆగిపోతాయి. ఒక్కసారన్నా లాటరీ తగిలిందని రాగూడదా?"

"లాటరీ తగిలినోడు నాకు ఫోను చేస్తాడా తిమ్మరాజన్నా? మొదట నీకు తెలీకుండా దాచుకుంటాడు."

తరువాత రోజులు మారాయి. ఒక్క ప్రభుత్వ శాఖ చేతిలో ఉన్న ఫోన్ల వ్యాపారంలోకి కంపెనీలు దిగాయి. ఒకడు రేటు తగ్గిస్తే మరొకడు ఇంకా తగ్గించాడు. పెనుకొండ కొండ మీద ఒకప్పుడు రాజుల బురుజులు నాలుగు దిక్కులా కాపు కాసేవి. ఇప్పుడు ఆ చుట్టుపక్కల కంపెనీల టవర్లు లేచాయి. దేశంలో ఇన్ని కోట్ల ఫోన్లయ్యాయని పత్రికలు పైపైకి పోయే గీతలు వేశాయి. తిమ్మరాజు కొడుకు కూడా ఒక సెల్లు కొన్నాడు. బెంచీ మీద దుమ్ము చేరింది. చావు కబుర్లు మగ్గం మీద ఉన్నవాడి చెవిలోకే నేరుగా వచ్చి పడసాగాయి, ఏ మాటా దాచకుండా. కర్ర చప్పుడుకు వీధి భయపడడం మానేసింది.

రెండువేల ఆరు ఎండాకాలంలో ఒక పొద్దున బూత్ ఫోను మోగింది. మున్నీబీ కూతురు ఫరీన్.

"మామా, అమ్మకు బాగలేదు. ఆస్పత్రిలో చేర్చినాము. నిన్నే అడుగుతాండాది. బిరీన రా."

రిసీవర్ పెట్టేసి బాబావలి అట్లాగే కూర్చున్నాడు. తిమ్మరాజు అతని మొహం చూసి అడిగాడు.

"ఎవురబ్బా?"

"ఫరీను. మున్నీబీకి బాగలేదంట. నన్నే అడుగుతాండాదంట."

తిమ్మరాజు బెంచీ మీంచి లేచి దగ్గరికి వచ్చాడు. "మళ్ళా చేసి అడుగుదామా?" అన్నాడు.

"అడిగి? ఆ బిడ్డ నోటితో ఆ మాట చెప్పించల్లనా?"

ఫోను ఎదురుగానే ఉంది. బాబావలి దాన్ని ముట్టుకోలేదు.

వాళ్ళలో ఆడబిడ్డకు కఫన్, అంటే ఒంటికి చుట్టే తెల్లగుడ్డ, పుట్టింటి నుంచే రావాలని పట్టింపు. ఆ పుట్టిల్లు తనే. గుడ్డల అంగడి తెరిచేదాకా కాచుకున్నాడు. గుడ్డ చింపించి, కర్పూరం, అత్తరు కలిపి సంచిలో పెట్టుకున్నాడు. బస్సెక్కి, పెద్దదిక్కు లేకుండా పోగూడదని దారిలో చిన్నాయన ఉండే కొత్తచెరువు ఊళ్ళో దిగాడు. చిన్నాయన చేనికి పోయి ఉంటే మనిషిని పంపి పిలిపించాడు. పెనుకొండలో బస్సు మారారు. చిన్నాయన టీ తాగాడు. బాబావలి ఎదురుగా ఉన్న పెద్ద బోర్డు చూస్తూ నిలబడ్డాడు. దాని మీద ఒక అమ్మాయి సెల్లు చెవికి ఆనించుకుని నవ్వుతోంది.

హిందూపురంలో దిగి ఆస్పత్రికి పోలేదు. నేరుగా ఇంటికి పోయాడు. వాకిట్లో జనం లేరు. తలుపుకు తాళం. పక్కింటి హనుమమ్మ బయటికి వచ్చింది.

"ఏమన్నా, ఈడికొచ్చినావు? నీ చెల్లెలు ఆస్పత్రిలో గదా ఉండేది! పొద్దున్నించి నువ్వొస్తావని చూస్తాండాది!"

చిన్నాయనతో మళ్ళీ రోడ్డు మీదికి పోయి ఆటో పిలిచాడు.

ఆటోలో పోయేసరికి మున్నీబీ కళ్ళు తెరిచే ఉంది. మాట లేదు. ఫరీన్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"మధ్యాన్నం దాకా మాట్లాడింది మామా. అన్న రానీ, అన్న రానీ అనింది. ఇప్పుడే పడిపోయింది మాట. ఇంత సేపు యాడ పోయినావు?"

మంచం పక్కన కూర్చున్నాడు. మున్నీబీ చెయ్యి మెల్లగా పాకి అతని ఒళ్ళోని సంచి మీద ఆగింది. అతను సంచిని వెనక్కి లాక్కున్నాడు.

"ఏముండాది మామా దాంట్లో?"

"పండ్లు."

అత్తరు వాసన అప్పటికే మంచం చుట్టూ ఉంది. ఫరీన్ మామ మొహం చూసి, తల తిప్పుకుంది. మరుసటి రోజు తెల్లవారేసరికి మున్నీబీ పోయింది. ఆ గుడ్డే చుట్టారు.

ఇదంతా అతను నాకు చెప్పింది మరుసటి ఏడు. బూత్ షట్టరు సగం దించి ఉంది. లోపల ఫోను లేదు. గోడకు తీగ మాత్రం వేలాడుతోంది.

"నేను ఉండేదే చెప్పినా గదా మామా, నన్ను నమ్మలేదా అనింది ఫరీను. ఏమని చెప్పల్ల సామీ? ఇన్నేండ్లు ఆ మాటతోనే ఊర్లో అందరికీ చెప్పినా. నాకాడికి వస్తే నిజమని ఎట్ల అనుకుందును?"

"మీ చెల్లెలు ఏం చెప్పాలనుకుందో?"

"అదే అడిగినా ఫరీనుని. 'నాకు చెప్పు, మామకు చెప్తానని నేనంటే, నీతో గాదు, మా అన్నతోనే అనింది అమ్మ' అని చెప్పింది." వేలాడే తీగను గోడ మేకుకు చుట్టాడు. "ఏదో మామూలు మాటే అయ్యుంటాది. ఫరీను పెండ్లి గురించో, నాయన గోరీకి సున్నం కొట్టించమనో. రెండూ చేయించినా. మూడోది ఏమన్నా ఉండాదేమో."

నా రైలుకు వేళయింది. అతను షట్టరు పూర్తిగా దించి, స్టేషన్ దాకా నాతో నడిచాడు.