కోకపట్టీ చెప్పిన సాక్ష్యం

నా చిన్నప్పుడు గూళూరు దగ్గర మా ఊరి బడికి సగమే కప్పు ఉండేది. కప్పుకని తెచ్చిన రాతిబండల్లో సగం మాయమయ్యాయి. వానొస్తే మూడో తరగతి పిల్లలం పలకలు నెత్తిన పెట్టుకుని గోడవార నిలబడేవాళ్ళం. ఆ ఏడాదే పంచాయితీ చైర్మన్ పట్టుపురుగుల పెంపకానికి కొత్త ఇల్లు కట్టి, పైన మంచి బండలు పరిచాడు.

మా అవ్వ పంచాయితీ మెంబరు. చెప్పినచోట వేలిముద్ర వేస్తుందని, ఆడవాళ్ళ సీటులో ఆమెను కూర్చోబెట్టింది ఆ చైర్మనే. పాపం, అవ్వ సంగతి ఆయనకు తెలియదు.

ఒక మధ్యాహ్నం మిగతా మెంబర్లు మా అరుగు మీద చేరి, అవిశ్వాసం పెట్టి ఆయన్ను దించేద్దామన్నారు.

"అవి బడి బండలే అని ఎట్ల చెప్తారప్పా?" అంది అవ్వ.

"ఊరంతా అంటాండారు కదమ్మా!"

"ఊరంటే సాలదు. మనం ఓడితే ఆ యప్పను ఇంగ పట్టేవాళ్ళు ఉండరు, బడికి కప్పూ రాదు. నాలుగు దినాలు ఓర్సుకోండి."

అవ్వ పుట్టింటి చేను పక్కనే బండలు కొట్టే గుట్ట. పొడుగు బండను రెండు చేయాలంటే ఉలితో వరసగా గుంటలు తొలిచి చీలలు దిగగొడతారు. చీలాక ప్రతి గుంటా సగం ఈ ముక్కకు, సగం ఆ ముక్కకు మిగులుతుంది. చేత్తో తొలిచినవి కాబట్టి ఏ రెండు వరసలూ ఒకేలా ఉండవు; ఒక ముక్క గుంటలు దాని జోడు ముక్కకే కలుస్తాయి. ఆ సంగతి చూస్తూ పెరిగిన మనిషి మా అవ్వ. కప్పుకెక్కకుండా బడి దగ్గర కింద మిగిలిన రెండు బండల అంచులకు పాత కోక పట్టీలు ఆనించి, గుంట ఉన్నచోటల్లా నాచేత బొగ్గు గీత పెట్టించింది.

మరునాడు మల్బరీ ఆకు గంప వంకతో ఆ పట్టుపురుగుల ఇంటికి వెళ్ళాం. చూరు చేతికందేంత కిందికే ఉంది, బండల అంచులు బయటికి కనిపిస్తున్నాయి. మొదటి పట్టీ ఏ బండకూ కలవలేదు. ఒకదానికి రెండు గీతలు మాత్రమే తేడా. వానలో నానిన కోపం నాది, ఆగలేకపోయాను.

"దగ్గరదగ్గర ఉండాది గదవ్వా, సరిపోయిందని చెప్పేద్దాం."

అవ్వ నా వైపు చూసిన చూపుకు ఈరోజుకూ సిగ్గేస్తుంది. "ఆ యప్ప బండలు దొంగిలిస్తే, నువ్వు నిజాన్ని దొంగిలిస్తావా?" అంది.

రెండో పట్టీ చివరి బండకు ఆనించింది. తొమ్మిది గీతలు, తొమ్మిది గుంటలు.

అవిశ్వాసం పెట్టిన సభనాడు చైర్మన్, ఆ బండలు తానే కొన్నానని గట్టిగానే చెప్పాడు. అవ్వ తాలూకా నుంచి వచ్చిన అధికారి చేతిలో ఆ పట్టీ పెట్టి, "మీరే ఆనించి చూడండి స్వామీ" అంది. ఆయన బడి దగ్గరా చూశాడు, ఆ ఇంటి చూరు దగ్గరా చూశాడు. తర్వాత చేతులెత్తమంటే మెంబరుగా ఉన్న చైర్మన్ సొంత బావమరిది చెయ్యి కూడా లేచింది. బండలు బడికి తిరిగొచ్చాయి. నాలుగో తరగతి వానాకాలమంతా నా పలక తడవలేదు.

నాకు కోపం ఇప్పటికీ తొందరే. ఫలానావాడు దొంగ అని ఎవరైనా అంటే నిజమేననిపిస్తుంది, చెయ్యి లేవబోతుంది. అప్పుడు కలవని ఆ మొదటి పట్టీ గుర్తొస్తుంది, చెయ్యి దించుకుంటాను.