గరిటె కర్ర నాబ్‌లు

నాకు చెవి ఉందని ఆత్మకూరులో పేరు. బళ్ళో సైన్సు చెబుతూ, సెలవు రోజుల్లో ఆంప్లిఫయర్లూ స్పీకర్లూ తెచ్చి, విని, బాగోగులు చెప్పే యూట్యూబ్ చానల్ ఒకటి నడిపేవాణ్ణి. "ఈ సెట్టులో గొంతుకు తడి ఉంది", "దీన్లో తబలా మన పక్కనే కూర్చుంది" అంటూ నోటికొచ్చిందల్లా వాగేవాణ్ణి. కొలిచి తప్పని చూపించడానికి వీల్లేని మాటలు. అదే నా ధైర్యం.

బస్టాండు దగ్గర ఒక మెకానిక్ ఉన్నాడు. ఉదయగిరి మనిషి, రోజూ బస్సులో వస్తాడు. ఆంప్లిఫయర్లు సొంతంగా తయారు చేస్తాడు. ఆయన భార్య కొయ్య గరిటెలు చెక్కుతుంది. వాల్యూం తిప్పే నాబ్‌లు కూడా ఆ కర్రతోనే ఆమె చెక్కి ఇస్తుంది. ఒక వీడియోలో వాటిని దగ్గరగా చూపించి, "దీన్లో పాట వినాలా, పప్పు కలపాలా?" అన్నాను. జనం పడీ పడీ నవ్వారు. ఆయనతోపాటే బస్సులో వచ్చే కూతురు అప్పటికే నా క్లాసులో ఉంది, పదో తరగతి.

నిరుడు మా చర్చికి కొత్త ఆంప్లిఫయర్ కావాల్సి వచ్చింది. కంపెనీదొకటి, ఆయన చేసిందొకటి తెప్పించారు. పెద్దలు ముగ్గురూ, "సారూ, మాకేం తెలుస్తాది? నువ్వు ఏది అంటే అదే" అన్నారు. నేను కంపెనీదానికేసి వేలు చూపబోతుంటే మెకానిక్ అడ్డొచ్చాడు.

"చూడకుండా ఇనండి సార్. ఇని చెప్పండి."

క్రిస్మస్ నాటకాలకు కట్టే నీలం తెర కట్టారు. రెండు సెట్లూ తెర వెనక పెట్టుకుని ఆయనొక్కడే నిలబడ్డాడు. మేం బయట బెంచీ మీద కూర్చున్నాం. మా ఆడవాళ్ళ బృందం పాడిన పాట ఒకసారి వేశాడు. కాసేపు ఆగి మళ్ళీ అదే పాట వేశాడు.

"మొదటిది గీరుకుంటోంది. రెండోదాంట్లో ఎంత తీపి! రెండోదే కంపెనీది" అన్నాను. నిజంగానే అలా వినిపించింది. అబద్ధం అప్పటికింకా మొదలు కాలేదు.

"సార్, ఒకసారి లోపలికి రాండి" అన్నాడాయన.

వెళ్ళాను. కంపెనీదాని ప్లగ్గు కింద పడి ఉంది. "చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు మెల్లగా. చల్లగా ఉంది. "రెండుసార్లూ నాదే పెట్టినాను సార్. తేడా లేదంటారేమోనని చూసినాను. బయట మీరే చెప్పండి, నేను చెబితే బాగుండదు."

ఆయన ముఖంలో వెక్కిరింత ఉంటే బాగుండేది. కోపం తెచ్చుకుని బతికిపోయేవాణ్ణి. నా పరువు నా చేతికే ఇచ్చి, నిజం చెబుతానని నమ్మి నిలబడ్డాడు.

తెర పక్కకు తీసుకుని బయటికొచ్చాను. ముగ్గురు పెద్దలూ నా ముఖంలోకి చూస్తున్నారు.

"రెండోదే. కంపెనీదే తీసుకోండి" అన్నాను.

ఆయన తన సెట్టు తీసి, వైరు చుట్టుకుని, చంకన పెట్టుకుని నా పక్కగా వెళ్తూ ఆగాడు. ఇప్పుడు తిడతాడనుకున్నాను. "పాప ఎట్లా చదవతా ఉండాది సార్?" అని అడిగాడు. అప్పుడర్థమైంది ఎందుకు నోరు మూసుకున్నాడో. భూమి చీలితే బాగుండుననిపించింది. "బాగా చదువుతోంది" అన్నాను.

ఆదివారాలు చర్చిలో కంపెనీది మోగుతుంటే పెద్దలు నా భుజం తట్టేవారు. ఆ నాబ్‌ల వీడియో తీసేశాను. అది ఎవరికీ తెలియకుండా చేసుకునే పని కాబట్టి తేలిగ్గానే చేశాను. పెద్దల దగ్గర నోరు విప్పడం మాత్రం ఇప్పటికీ చేతకాలేదు.

చర్చిలో తెర కట్టిన తర్వాతి వారం బళ్ళో పిల్లల చేత బోరు నీళ్ళనూ సంగం కాలవ నీళ్ళనూ లిట్మస్ కాగితంతో పరీక్ష చేయించాను. రెండు రకాల నీళ్ళన్నాక తేడా ఉండాలనుకుని సగం మంది ఏవో రంగులు రాసుకొచ్చారు. మెకానిక్ కూతురు రికార్డు పుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చింది.

"సార్, నాకు తేడా ఏం కనపడలేదు. అట్లనే రాయచ్చా?"

"రాయచ్చమ్మా" అన్నాను. తలెత్తి అనలేకపోయాను.