పడటం నేర్చుకోవడానికి సిరిసిల్ల దాకా

ఈ బ్లాగు ఇన్ని నెలలు మూగబోవడానికి కారణం నా కుడి మణికట్టు. పోయిన వానాకాలం జగిత్యాలలో మా మందుల దుకాణం ముందు తడి బండల మీద కాలు జారింది. పడేటప్పుడు అందరూ చేసే పనే నేనూ చేశాను, చెయ్యి ఆనించాను. ఒంటి బరువంతా దాని మీద పడి ఎముక విరిగింది. కట్టు విప్పేసరికి ఎముక అతికింది గానీ భయం మాత్రం వదల్లేదు. మెట్లు కనబడితే చుట్టు తిరిగి పోయేదాన్ని. గుట్టలూ కోటలూ ఎక్కి మీకు కబుర్లు చెప్పిన మనిషిని, ఇంటి డాబా ఎక్కడం కూడా మానేశాను. యాభై ఏళ్ళకే నా తిరుగుళ్ళు ముగిసిపోయాయా అని కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి.

ఒకరోజు మందులకు వచ్చిన ఒకామె నా వాలకం చూసి, "కోరుట్లల జూడో సారు ఒకాయన ఉన్నడు మేడం. కొట్టుడు కన్న ముందుగాల పడుడే నేర్పుతడట" అంది. నవ్వొచ్చింది. పడటం నాకు కొత్తగా నేర్పాలా? అది బ్రహ్మాండంగా వచ్చు కదా! నవ్వు అయిపోయాక మాత్రం ఆ మాట బుర్రలోంచి పోలేదు. ఫోన్ చేస్తే ఆయన, "ఆదివారం పొద్దుగాల రాండ్రి. డాక్టరును అడిగి, ఖాళీ కడుపుతోని రాండ్రి" అన్నాడు. డాక్టరు సరేనన్నాడు. మా ఆయన మాత్రం, "విరగనిది ఇంకొకటున్నదా?" అని అడిగాడు.

ఆదివారం తెల్లవారుజామున జగిత్యాల నుంచి కోరుట్ల బస్సెక్కాను. గంటలోపు ప్రయాణం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు, కార్డు మరిచిపోకండి. కోరుట్ల బస్టాండు బయట ఆటో అతనికి చిరునామా చెప్పబోతుంటే, "జూడో సారు తానికేనా? ఎక్కుండ్రి. మా పోరి గూడ ఆడికే పోతది. ఇంట్ల మంచం మీదికెల్లి దుంకుడే దుంకుడు, పక్కింటోళ్ళు పరేషాన్" అన్నాడు. గొంతులో ఫిర్యాదు కన్నా గర్వమే ఎక్కువ వినిపించింది.

సారు పేరు రాజేశం. చాలా ఏళ్ళు మస్కట్‌లో భవనాల పని చేసి వచ్చిన మనిషి. అక్కడి క్యాంపులో తోటి పనివాడొకడు సెలవు రోజుల్లో జూడో నేర్పేవాడట. ఇప్పుడు కోరుట్లలో మూతబడిన బియ్యం దుకాణం అద్దెకు తీసుకుని పిల్లలకు నేర్పుతున్నాడు. నేను వెళ్ళేసరికి ఓ ఇరవై మంది పిల్లలు పరుపుల మీద ధబీ ధబీమని పడుతున్నారు, లేస్తున్నారు, మళ్ళీ పడుతున్నారు. ఒక్కరు కూడా ఏడవడం లేదు. ఒక సన్నపాటి అమ్మాయి పరుగెత్తుకొచ్చి, ఒక భుజం మీదుగా దొర్లి, అవతలి తుంటి మీదుగా లేచి నిలబడింది. తల నేలను తాకనే లేదు. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

వెనక్కి పడే పద్ధతి ఆయన ఓపిగ్గా చూపించాడు. ముందు గొంతుక్కూర్చోవాలి. గదువ, అంటే గడ్డం, ఛాతీకి ఆనించి బొడ్డు వైపు చూడాలి, అప్పుడు తల వెనక్కి కొట్టుకోదు. వీపు గుండ్రంగా చేసి దొర్లాలి. వీపు ఆనే క్షణంలో రెండు చేతులనూ వెనక్కి కాకుండా పక్కలకు చాచి అరచేతులతో పరుపును గట్టిగా చరచాలి. దెబ్బను ఒక్కచోట కాకుండా ఒళ్ళంతా పంచుకుంటుంది. వినడానికి ఎంత తేలిక! నేను దొర్లబోయిన ప్రతిసారీ నా కుడిచెయ్యి నన్నడక్కుండా వెనక్కి పోయి నేల వెతుక్కుంది. ఆయన ప్రతిసారీ నా భుజం పట్టి ఆపాడు.

"మేడం, మీ కన్న ముందుగాల మీ చెయ్యి పడుతున్నది" అన్నాడు చివరికి.

"నాకు రాదు సార్. ఇగ ఇంటికి పోత" అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిల్లలు చూస్తున్నారని మొహం తిప్పుకున్నాను.

"పోదురు గని, నాతోని సిరిసిల్ల దాక రాండ్రి. పగటీలి మా అత్తగారి షెడ్డుల ఆడోళ్ళ క్లాసున్నది. పడకుండ్రి, ఉత్తగ సూడుండ్రి."

కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ వెళ్ళి, అక్కడ బస్సు మారి సిరిసిల్ల చేరాం. మొత్తం రెండు గంటల పైమాటే. వేములవాడ బస్టాండు దగ్గర ఒకామె వేడివేడి సర్వపిండి రొట్టెలు తీస్తోంది. నేను చెయ్యి చాచేలోపు రాజేశం అడ్డుపడ్డాడు. "కడుపు నిండితే దొర్లరాదు మేడం." ఆమె ఆయన్ను ఎగాదిగా చూసి, "ఆకలైనామెను తిననియ్యవా, ఏం మనిషివయ్యా? కట్టిస్త, తీస్కపోయి తిను అక్కా" అని కాగితంలో చుట్టి ఇచ్చింది. ఉత్తగా చూడటానికి వచ్చిన దాన్ని ఉపవాసం ఎందుకు ఉంచుతున్నాడో అప్పుడే అనుమానించాల్సింది.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచలంటారు. రాజేశం అత్తగారు నర్సవ్వ ఇంటి వెనక షెడ్డులో ఒకప్పుడు నాలుగు సాంచలు నడిచేవి. అవి అమ్మేశాక మిగిలిన ఖాళీ జాగాలో, వేస్టు దారం కుక్కి కుట్టిన పరుపులు పరిచారు. చుట్టుపక్కల ఆడవాళ్ళు పని నుంచి నేరుగా వస్తారు. అరవై దాటిన నర్సవ్వ చీర కుచ్చిళ్ళు బిగించి, మాట్లాడుతూ మాట్లాడుతూనే వెనక్కి దొర్లింది. చెయ్యి వెనక్కి పోలేదు! రెండు చేతులూ ఛాతీకి అంటుకునే ఉన్నాయి.

"ఎట్లొచ్చిందవ్వా నీకు?" అన్నాను.

"సాంచల నడుమ పెరిగినం బిడ్డా. జారితే చెయ్యి సాపద్దు, సాంచ గుంజుకుంటది. చేతులు ముడుసుకోని కూలవడాలె. మాకు నడక తోటే గిది నేర్పుతరు."

"గదే తిప్పలు," అన్నాడు రాజేశం. "మా అత్తమ్మ చేతులు ఇడువది. పోయినేడు వాకిట్ల జారి, చేతులు ముడుసుకోనే పడి పక్కబొక్కలు పలగ్గొట్టుకున్నది. పరుపు మీద చరువుమంటే చరువది."

"పిల్లనిచ్చిన పాపానికి అల్లుడు నన్ను వారం వారం పడగొడుతుండు" అని నర్సవ్వ నవ్వింది. నవ్వుతూనే ఎడమ పక్కటెముకల మీద చెయ్యి వేసుకుంది. ఆమెకూ భయమేనని అప్పుడు తెలిసింది. నా చెయ్యి ఆగదు, ఆమె చెయ్యి కదలదు.

రాజేశం నా చెయ్యి సంగతి చెబితే విని, ఆమె మూలనున్న గంపలోంచి దారం చుట్టిన కండెలు తెచ్చి నా ఒడిలో చున్నీ పరిచి పోసింది. "చున్నీ కొసలు రెండు చేతుల పట్టుకో. గిప్పుడు పడు. ఒక్క కండె కింద పడ్డదో, దారం చిక్కు నువ్వే తియ్యాలె."

గొంతుక్కూర్చున్నాను. చేతుల నిండా పని. గదువ ఆనించి వెనక్కి వాలాను. వీపు పరుపును తాకింది, దొర్లింది, కాళ్ళు పైకి లేచాయి. కండెలన్నీ ఒడిలోనే ఉన్నాయి. చెయ్యి వెనక్కి పోలేదు! నాకు నవ్వాగలేదు. మళ్ళీ పడ్డాను, మళ్ళీ. తర్వాత కండెలు తీసేసి, ఖాళీ చేతులతో పడి, పరుపును చరిచాను. ఆ చప్పుడు ఎంత హాయిగా ఉందో రాయడం నా వల్ల కాదు. చివరికి నిలబడి కూడా పడ్డాను. మణికట్టు చెక్కుచెదరలేదు.

ఇక నర్సవ్వ వంతు. రాజేశం అవే కండెలు ఆమె రెండు చేతుల్లో పెట్టి, "వీపు ఆనంగనే ఇసిరికొట్టు అత్తమ్మా" అన్నాడు.

"దారం ఇసిరికొట్టాల్నా? నా జన్మల చెయ్యలే!"

రెండుసార్లు దొర్లింది, రెండుసార్లూ కండెలు పిడికిట్లోనే ఉన్నాయి. "నేను పట్టుకునుడు నేర్సుకున్న, నువ్వు ఇడువు అవ్వా. చిక్కు నేను తీస్త" అన్నాను. మూడోసారి ఆమె కళ్ళు మూసుకుని వెనక్కి వాలింది. కండెలు రెండు పక్కలకూ ఎగిరాయి, అరచేతులు పరుపు మీద ఫట్టుమన్నాయి. ఆడవాళ్ళందరూ కేక పెట్టారు. లేపుదామని నేను వంగాను. ఆమె చేతులు చాచుకుని అలాగే పడుకుని పైకి చూస్తోంది.

"ఉండు బిడ్డా. ముప్పయ్యేండ్లు గీ షెడ్డుల నెత్తి వంచుకోనే పనిజేసిన. పైన రేకులు గిట్లుంటయని ఇయ్యాలనే సూస్తున్న."

ఆమె పక్కనే నేనూ వెల్లకిలా పడుకున్నాను. రేకుల సందుల్లోంచి ఎండ పడుతోంది. పడకుండా బతకడం ఎలాగని నెలల తరబడి ఆలోచించిన దాన్ని, పడ్డాక ఇంత హాయిగా పడుకోవచ్చని ఎన్నడూ ఊహించలేదు. భయం పూర్తిగా పోయిందని చెప్పను. కానీ అది నన్ను ఇంట్లో కూర్చోబెట్టేంత పెద్దది కాదని నాకు తెలిసింది. ఇంటికి వచ్చేశాక, ఆ షెడ్డులో పరుపు చరిచిన చప్పుడు ఇంకా చెవుల్లో ఉండగానే ఇది రాస్తున్నాను, డాబా మీద కూర్చుని. మీలో ఎవరైనా నేర్చుకోవడానికి వెళితే ఒక్కటి గుర్తుంచుకోండి: పడగానే సిగ్గుపడి గబుక్కున లేవకండి. ఒక్క ఊపిరి అలాగే ఉండి, ఎక్కడైనా నొప్పి ఉందేమో చూసుకోండి. తర్వాత, మీకు లేవాలనిపించినప్పుడే లేవండి.