సన్నాలకూ ఎర్రొడ్లకూ పెళ్లి

మా నాన్న వరికి పెళ్లి చేశాడు. నమ్మకపోతే మానెయ్యండి, ఆ పెళ్లికి మగపెళ్లివారం మేమే.

రెండో యుద్ధానికి ముందు మాట. ఆయన బందరులో బడిపంతులు. గుడివాడ దగ్గర తాతల నాటి పొలం చెక్క ఒకటుంటే అందులో సన్నాలు పండించేవాడు. బియ్యం మల్లెమొగ్గలే, కాదనను. కానీ కోసి పనలు పరిచిన చేలో వాన పడిందా, గింజలన్నీ పనల మీదే మొలకలెత్తేవి. వరసగా రెండేళ్లు అలాగే పంట పోయింది. "మళ్లీ పోతే చేను కౌలుకిచ్చేస్తాను," అని మా పెదనాన్నకి మాటిచ్చాడు. బడి ఆయనకి ఉద్యోగమే, ప్రాణమంతా ఆ చేలో ఉండేది.

ఆ రెండో ఏడు, వాన వెలిశాక నన్ను చూడ్డానికి హంసలదీవి పక్కన మా అత్తగారింటికి వచ్చాడు. మా ఎర్రొడ్లూ పనల మీదే తడిశాయి గానీ ఒక్క గింజా కన్ను తెరవలేదు. ఆ వడ్లు అంతే. ఉప్పునీళ్లు తగిలినా చావవు, కోసిన కొత్తలో నెత్తిన బిందెడు నీళ్లు కుమ్మరించినా లేవవు. మా వారూ అదే బాపతు, పొద్దెక్కితే గానీ లేచేవారు కాదు.

"ఈ నిద్రా, ఆ సన్నదనమూ ఒకే గింజకి వస్తే!" అన్నాడు నాన్న. ఏదో వ్యవసాయం పత్రికలో చదివాడట. ఇంకేముంది, మరుసటి ఏడు వెన్ను తీయబోతూ పొట్ట మీదున్న సన్నాల దుబ్బుల్ని కుండల్లో పెట్టుకుని పులిగడ్డ రేవు దాటి వచ్చేశాడు. పూత విచ్చకముందే సన్నాల గింజల మూతులు కత్తెరతో కత్తిరించి, లోపలి పుప్పొడి తిత్తులు పీకేసి, పూతకొచ్చిన మా ఎర్రొడ్ల వెన్ను తెచ్చి వాటి మీద దులిపి, పైన కాగితం తొడిగాడు.

మా అత్తగారు అరుగు మీద కూర్చుని అంతా చూసింది. "అన్నయ్యగారూ, వరుడు మావాడు కదా, లాంఛనాలేవీ?"

"మీ కోడలితో పంపినవి చాల్లేదా చెల్లెమ్మా?" అన్నాడు నాన్న, తలెత్తకుండానే.

దక్కినవి గుప్పెడు గింజలు కూడా కావు. వాటిని పై ఏడు మా పెరట్లోనే నాటించాడు. పిచ్చుకలు వాలకుండా మా అత్తగారే కాపలా. "మనవలు పుడుతున్నారు మరి," అనేది. గింజ మరీ సన్నం కాదు గానీ ముతకా కాదు. నాన్న సంబరం చూడాలి! ఆరనిస్తేనా? కోసిన రోజునే కొన్ని గింజలు నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, గడ్డి కప్పి మొలకలకని మండె వేశాడు. పక్కన తన పాత సన్నాలది ఇంకో మూట.

సన్నాలు సూదుల్లా మొలకలేశాయి. కొత్తవి ఉలకలేదు, పలకలేదు. పొద్దున్నే మూట విప్పడం, మొహం వేలాడేసుకోవడం, ఇదే పని ఆయనకి. ఆఖరికి మూట పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు.

"కంచరగాడిద సంతానమైపోయింది. రెండు జాతులు కలిపేసరికి గొడ్డుబోయాయి. ఇంక చేను కౌలుకిచ్చేస్తాను," అన్నాడు. కళ్ల నిండా నీళ్లు. నాన్న ఏడవగా నేనెప్పుడూ చూళ్లేదు. నాకూ ఏడుపు ఆగలేదు.

మా అత్తగారు మూట లాక్కుని ఓ గింజ గోటితో గిల్లింది. కుళ్లలేదు, గట్టిగానే ఉంది. ఒక్కసారిగా పకపకా నవ్వేసింది.

"అయ్యో రాత! నిద్రపోయే గింజ కావాలనే కదటండీ ఇంత తతంగం చేశారు? తీరా అది నిద్రపోతుంటే శోకాలు పెడతారేంటి అన్నయ్యగారూ!"

మా వారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. నేనూ ఏడుస్తూనే నవ్వాను. నాన్న కండువాతో కళ్లు తుడుచుకుని, మూట తిరిగి తీసుకుని, జాగ్రత్తగా ఒళ్లో పెట్టుకున్నాడు.

"కాస్త మెల్లిగా నవ్వండర్రా," అన్నాడు. "లేస్తాయి."